ఇల్లు అమ్మేటప్పుడు ఏసీలు, గీజర్లు వదిలేయాలా, విప్పుకెళ్లాలా, కొత్తవి పెట్టాలా?

ఫ్లాట్ అమ్మకానికి పెట్టినవాళ్లకు ధర కుదిరాక వచ్చే టెన్షన్ ఇది. ఏసీలు, గీజర్లు, చిమ్నీ, ఇన్వర్టర్ ఇంటితో పాటే ఇచ్చేయాలా, విప్పుకుని పోవాలా, పాతవి తీసేసి కొత్తవి పెడితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయా?

ముందు కొత్తవి పెట్టడం గురించే చెప్తాను. అనవసరంగా ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. హైదరాబాద్‌లో అయినా విజయవాడలో అయినా కొనేవాళ్లు బేరమాడేది చదరపు అడుగు లెక్కన. ఏరియా, అంతస్తు, తూర్పు వాకిలి, కారు పార్కింగ్ చూస్తారు. లోను ఇచ్చే బ్యాంకు ఫ్లాట్‌కు విలువ కడుతుంది, గోడకున్న ఏసీని లెక్కలోకి తీసుకోదు. అమ్మడం కోసమని కొత్త ఏసీలు కొంటే ఆ డబ్బు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఒక్క కారుతున్న గీజర్‌ను మాత్రం తప్పకుండా మార్చండి. మన బోరు నీళ్లకు గీజర్ లోపల ఉప్పు పేరుకుంటుంది, ట్యాంకు తుప్పు పడుతుంది. బాత్రూమ్ గోడ మీద ఎర్రటి చార కనిపించిందంటే చూడ్డానికి వచ్చినవాళ్లు పై ఫ్లాట్ నుంచి లీకేజీ అనుకుంటారు. ఆ అనుమానంతో తగ్గించి అడిగే మొత్తం గీజర్ ఖరీదుకు ఎన్నో రెట్లుంటుంది.

విప్పుకెళ్లడమా? ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, టీవీ మీవే, అందులో చర్చ లేదు. ఏసీ సంగతి వేరు. విప్పడానికి, మళ్లీ బిగించడానికి, తగ్గిన గ్యాస్ నింపడానికి డబ్బులవుతాయి, కొత్త ఇంట్లో రాగి పైపు చాలకపోతే అదో ఖర్చు. పాత ఏసీలో ఆర్22 అనే పాతరకం కూలింగ్ గ్యాస్ ఉంటే అసలు మోయొద్దు, 2030 కల్లా ఆ గ్యాస్ వాడకాన్ని నిలిపేయాలన్నది మన దేశ లక్ష్యం. సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముకుందామన్నా, 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పాతవాటికి అడిగే రేటూ ఆ మేరకు పడుతుంది. రెండు మూడేళ్ల లోపుదై, వెళ్లే ఇంట్లో బిగించే చోటుంటేనే తీసుకెళ్లండి.

హాబ్ (వంటగది గట్టులోకి దించి బిగించే గ్యాస్ స్టవ్), చిమ్నీ కదపనే కదపొద్దు. హాబ్ కోసం గ్రానైట్‌ను దాని కొలతకే కోస్తారు. తీస్తే ప్లాట్‌ఫామ్‌లో కన్నం మిగులుతుంది, ఇంకో కంపెనీ హాబ్ అందులో సరిపోతుందన్న నమ్మకం లేదు. ఇక ఫ్యాన్లు, బల్బులు కూడా పీక్కెళ్లి వైర్లు వేలాడదీసి పోవడం నాకు చాలా బాధనిపిస్తుంది. జీవితమంతా దాచుకున్నది పెట్టి కొన్నవాళ్లు మొదటి రోజు చీకట్లో నిలబడాలా?

కాబట్టి బిగించి ఉన్నవి వదిలేయడమే మేలంటాను, కానీ నోటిమాట మీద కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, తలుపులు, కిటికీలు, తాళాలతో పాటు ఇంట్లో శాశ్వత వాడకానికి ఏర్పాటు చేసినవన్నీ కొన్నవారికే వెళ్తాయి. మరి గీజర్ శాశ్వతమా, ఏసీ శాశ్వతమా? గొడవలు మొదలయ్యేది ఇక్కడే. అగ్రిమెంట్ రాసేటప్పుడే ఏ గదిలో ఏది, ఏ బ్రాండు, పనిచేస్తోందా లేదా, వారంటీ ఉందా అన్నది జాబితాగా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. షాండ్లియర్, పూజ మందిరం లాంటివి మీకు కావాలంటే ఇల్లు చూపించకముందే తీసేయండి. చూసి ముచ్చటపడ్డాక తీస్తే కొనేవాళ్ల మనసు విరుగుతుంది.

వదిలేసే సామాన్లకు విడిగా ధర కట్టాలా, ఇంటి ధరలో కలపాలా? రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 7.5 శాతం. 2 లక్షల సామాన్లను సేల్ డీడ్‌లో (రిజిస్టర్ చేసే అమ్మకం పత్రంలో) రాసే ధరలో కలిపేస్తే కొనేవారికి 15,000 అదనం. విడిగా రాసుకుని బ్యాంకు ద్వారానే తీసుకోండి, కానీ వాటి అసలు విలువే రాయండి. ఇంటి ధరలో కొంత సామాన్ల లెక్కలోకి తోస్తే అది డ్యూటీ ఎగ్గొట్టడమే.

గ్యాస్ సిలిండర్లు, రెగ్యులేటర్ మాత్రం కొనేవారికి ఇవ్వకండి. కనెక్షన్ మీ పేరు మీద ఉంది. ఏజెన్సీలో సరెండర్ చేయండి, లేదా కొత్త అడ్రసుకు మార్పించుకోండి.