కిందికి దించిన కారుకి ఇంటి దగ్గర ఏ జాకీ మేలు?

ఒక ఆదివారం పొద్దున సెల్లార్‌లోకి దిగి చూస్తే నా పోలో ముందు టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. రాత్రి ఎక్కడో మేకు దిగినట్టుంది. మామూలు కారైతే స్టెప్నీ వేయడం పావుగంట పని. నాది స్ప్రింగులు మార్పించి 40 మిల్లీమీటర్లు కిందికి దించిన కారు. చక్రాల మీద తోసుకెళ్ళే ట్రాలీ జాకీ తెచ్చి పక్కన పెడితే లోపలికి పోదే! దాని తల డోరు కింది రేకుకి తగిలి ఆగిపోయింది. పాలప్యాకెట్లతో పైకి వెళ్తున్న మూడో ఫ్లోర్ బాబాయిగారు ఆగి చూసి, "నలుగురం కలిసి లేపేద్దామా?" అన్నారు. సరదాకి అన్నమాట కాదు, చొక్కా చేతులు కూడా మడిచారు.

ఆ రోజే టేపు పెట్టి కొలిచాను. టైర్లలో గాలి ఉన్నప్పుడు జాకీ పెట్టే రేకు అంచు నేల నుంచి 145 మిల్లీమీటర్లు. గాలి పోతే 95. నా పాత ట్రాలీ జాకీని పూర్తిగా దించినా 135. గాలి ఉన్నప్పుడు కొలిచి "సరిపోతుందిలే" అనుకున్నాను, అదీ నేను చేసిన పొరపాటు. నాది 195/55 ఆర్15 టైరు, అంటే పక్కగోడ ఎత్తు 195లో 55 శాతం, 107 మిల్లీమీటర్లు. గాలి పోతే దాంట్లో దాదాపు సగం మాయం. జాకీ కొనేముందు కొలవాల్సింది పంక్చరైన కారుని.

అంతకంటే మోసం చేసే సంగతి ఇంకోటి ఉంది. కారు కిందికి దించాం కదా, కొంచెం లేపితే చాలు అనుకుంటాం. పాత షాక్ అబ్జార్బర్లే ఉంచి స్ప్రింగులు మాత్రం పొట్టివి వేయిస్తే, బాడీ లేచేకొద్దీ చక్రం పాత కొలత దాకా కిందికి వేలాడుతూనే ఉంటుంది. అంటే చక్రం నేల విడవాలంటే బాడీని కంపెనీ కారంత ఎత్తుకీ లేపాల్సిందే. జాకీ 40 మిల్లీమీటర్లు కింద మొదలుపెట్టి, పైన మాత్రం అందరితో సమానంగా ఆగాలి. కాబట్టి "ఎంత కిందికి దిగుతుంది" అన్నదొక్కటే చూసి కొంటే సగమే చూసినట్టు.

కారుతో వచ్చే స్క్రూ జాకీ సంగతి ముందు. ఇది సాధారణంగా 90, 100 మిల్లీమీటర్ల దాకా ముడుచుకుంటుంది కాబట్టి చాలా దించిన కార్లకి కూడా బొటాబొటిగా దూరుతుంది. పైసా ఖర్చు లేదు. కానీ అడుగు నా అరచేయంత. కారు ముందుకో వెనక్కో ఒక్క అంగుళం జరిగితే చాలు, పక్కకి వాలిపోతుంది. మా గేటు ముందున్న పేవర్ టైల్స్ మీద ఒకసారి పెట్టాను. ఒక టైలు అంచు కుంగి జాకీ నా కళ్ళ ముందే వంకర తిరిగింది. చక్రం ఇంకా విప్పలేదు కాబట్టి బతికిపోయాను. ఇది డిక్కీలో ఉండాల్సిన సామాను. రోడ్డు మీద ఆగిపోయినప్పుడు టైరు మార్చి ఇంటికి చేరడానికి చాలు, ఇంటి దగ్గర దీనితో పని పెట్టుకోవద్దు. బాటిల్ జాకీ అయితే లెక్కలోకే రాదు. పడుకోబెట్టి దూర్చడానికి అది తలగడ కాదు, నిలబెడితే 150 మిల్లీమీటర్ల పైమాటే.

ఇక మామూలు రెండు టన్నుల ట్రాలీ జాకీ. ఉన్నవాళ్ళు పారేయక్కర్లేదు, దానికి రెండు చెక్కపలకలు తోడిస్తే చాలు. నేను సామిల్లులో తుమ్మ చెక్క రెండు అంగుళాల మందంతో కోయించాను. వెడల్పు పది అంగుళాలు, పొడవు రెండు అడుగులు, ఒక చివర వాలుగా చెక్కించాను. పంక్చరైన టైరుతోనే, బండి మెల్లగా నడిపి దాని మీదికి ఎక్కించాలి. 95 కాస్తా 145 అవుతుంది, 135 జాకీ దూరుతుంది. కారు లేచాక పలక లాగేస్తే స్టెప్నీకి కావాల్సిన చోటూ దొరుకుతుంది.

ర్యాంపులు కొనుక్కోవచ్చు కదా అని అడుగుతారు. బజార్లో దొరికే మామూలు ర్యాంపు ఏటవాలు 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. నా బంపర్ పెదవి నేలకి 110 మిల్లీమీటర్లు, ముందు చక్రం మధ్య నుంచి 700 మిల్లీమీటర్లు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. టైరు ర్యాంపుకి తగిలే సమయానికి బంపర్ కింద ర్యాంపు 177 మిల్లీమీటర్ల ఎత్తుకి వెళ్ళిపోయి ఉండాలి. అంటే టైరు ఎక్కకముందే బంపర్ వెళ్ళి గుద్దుకుంటుంది. అడుగుకి అంగుళంన్నర కంటే ఎక్కువ లేవని పొడవాటి ర్యాంపు అయితే పని జరుగుతుంది, కానీ అంత పొడవుదాన్ని అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ దాస్తారు? పలకకి ఈ గొడవే లేదు. దాని మొత్తం ఎత్తే 50 మిల్లీమీటర్లు, 110 ఉన్న బంపర్ దాని మీదుగా హాయిగా వెళ్ళిపోతుంది. పైగా ర్యాంపు మీద చక్రం ఊడదీయలేం. ఆయిల్ మార్చడానికి తప్ప బ్రేకు పనికి అది పనికిరాదు.

పలకలున్నా మామూలు ట్రాలీ జాకీకి ఒక చోట చెయ్యి ఎత్తేయాల్సి వస్తుంది. అది సాధారణంగా 340 దాకానే లేస్తుంది. టైరు మార్చడానికి నా కారులో రేకు అంచు 265 దాకా వస్తే చాలు. కారు కింద దూరి పని చేయాలంటే ఆ ఎత్తు చాలదు. జాకీ కింద చెక్క పెట్టి ఎత్తు పెంచుదామనే ఆలోచన వస్తుంది, వద్దు. ట్రాలీ జాకీ చేయి గుండ్రంగా లేస్తుంది కాబట్టి, కారు లేచేకొద్దీ జాకీ తన చక్రాల మీద లోపలికి జరగాలి. చెక్క మీద ఇరుక్కుని జరగలేకపోతే జాకీ తల రేకు మీద జారుతుంది. మట్టి నేల మీదా, కంకర మీదా జరిగేది అదే.

లో-ప్రొఫైల్ జాకీ అంటే ఇదే ట్రాలీ జాకీ, కానీ పొడవుగా, చదునుగా ఉంటుంది. 75, 80 మిల్లీమీటర్ల నుంచి మొదలై మంచివి 500 దాకా లేస్తాయి. ధర మామూలు దానికి రెండు మూడు రెట్లు, బరువూ ఎక్కువే. అల్యూమినియంవి బరువు తక్కువ, జేబుకి మాత్రం బరువు. నేను చివరికి స్టీలుదే కొన్నాను. సెల్లార్‌లోనే ఉంటుంది కదా, మోసుకుతిరిగేదేముంది? కొనేటప్పుడు తలతో పాటు దాని మెడ, అంటే తలకీ హ్యాండిల్‌కీ మధ్య భాగం, కూడా చూడండి. తల 80 ఉన్నా, హ్యాండిల్ దూర్చే భాగం ఎత్తు 160 ఉంటే అది బంపర్ కిందికి పోదు. హోండా సివిక్ లాంటి కార్లకి ముందు మధ్యలో జాకీ పెట్టే చోటు కంపెనీయే ఇచ్చింది. దించిన సివిక్‌కి ఆ చోటు అందాలంటే పొడవాటి మెడ ఉన్న జాకీ తప్పదు, లేదా ముందు టైర్లు పలకలెక్కాలి. నా పోలోకి పక్క అంచులే, కాబట్టి మెడ బాధ లేదు. గాడి ఉన్న రబ్బరు దిమ్మ ఒకటి జాకీ తల మీద పెట్టుకుంటే రేకు అంచు నలగదు. కాకపోతే దిమ్మ మందం కూడా లెక్కలోకి వస్తుంది: 80కి 15 కలిపితే 95, నా పంక్చరు కారుకి సరిగ్గా గీత మీద. బాడీ కిట్ తగిలించినవాళ్ళు ఇంకా మందమైన దిమ్మ వెతుక్కోవాలి.

అమెరికాలో గ్యారేజీ ఉన్న మనవాళ్ళు కొందరు క్విక్‌జాక్ కొంటున్నారు. రెండు ఫ్రేములు, ఒక హైడ్రాలిక్ పంపు, ముడిస్తే మూడు అంగుళాలు. కారు మొత్తాన్ని ఒకేసారి లేపి తాళం వేసుకుంటుంది. దించిన కారుకి అంతకంటే సుఖం లేదు. సొంత గ్యారేజీ లేని మనకి, ఆ డబ్బుతో ఎన్నేళ్ళ సర్వీసింగ్ వస్తుందో లెక్కేసుకుంటే కోరిక దానంతటదే తగ్గుతుంది.

ఇప్పుడు అసలు టెన్షన్ పడాల్సిన విషయం. ఏ జాకీ అయినా లేపడానికే, మోయడానికి కాదు. హైడ్రాలిక్ సీలు ఎప్పుడు కారుతుందో చెప్పి కారదు. మన దగ్గర అలవాటుగా రెండు ఇటుకలు పేర్చి దూరిపోతారు. ఇటుకైనా, సిమెంటు బ్లాకైనా ముందు బీటలిచ్చి హెచ్చరించదు, ఒక్కసారిగా పొడి అయిపోతుంది. లేపిన కారుని మోయడానికి కింద పెట్టే జాకీ స్టాండ్లు కొనండి, పళ్ళ మీద ఆగే రకమైతే అడ్డంగా పిన్ను కూడా దూర్చేది చూడండి. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల దుకాణాల సంస్థ అమ్మిన జాకీ స్టాండ్లు దాదాపు 17 లక్షలు వెనక్కి పిలిపించారు, బరువు మీద ఉండగా పళ్ళు జారే ప్రమాదం ఉందని. బదులుగా ఇచ్చినవాటిలో కొన్నిటిని కూడా వెల్డింగు లోపమని మళ్ళీ పిలిపించారు. మే నెల ఎండలో తారు రోడ్డు మీద స్టాండ్ కాళ్ళు మెత్తగా దిగిపోతాయి, కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేసుకోవాలి.

పక్క అంచులే ఉన్న కారుకి స్టాండుతో ఒక చిక్కు: జాకీ ఉన్న చోటే స్టాండూ ఉండాలంటుంది. ఇద్దరికీ ఒకే కుర్చీ. దీనికి నాకు నచ్చిన మార్గం స్టాండు కాదు, టైరు కిందే చెక్క దిమ్మ. ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం, మూడు వరసలు మరమేకులతో బిగిస్తే ఆరు అంగుళాల దిమ్మ. ఒక పక్క లేపి టైరు కింద తోసి, దించి, రెండో పక్క అలాగే. కారు తన నాలుగు టైర్ల మీదే నిలబడి ఉంటుంది. దీనికి రేకు అంచు 400 దాటి లేవాలి, కాబట్టి లో-ప్రొఫైల్ జాకీ కావాల్సింది ఇక్కడే. చక్రం ఊడదీసే పనైతే దిమ్మ కుదరదు. అప్పుడు విప్పిన చక్రాన్ని డోరు కింద పడుకోబెట్టి, ఒళ్ళంతా బయటే ఉంచి పని చేస్తాను, కింద మాత్రం దూరను.

నా తీర్పు అడిగితే: నెలకో సంవత్సరానికో ఒక పంక్చరు తప్ప వేరే పని లేనివాళ్ళకి పాత ట్రాలీ జాకీ, రెండు పలకలు చాలు. ఆయిలు, బ్రేకులు సొంతంగా చూసుకునేవాళ్ళు లో-ప్రొఫైల్ కొనాలి, పలకలు అప్పుడూ ఉంచుకోవాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే జాకీ కంటే ముందు దిమ్మలో స్టాండ్లో.

ఏది వాడినా ముందు లేపేటప్పుడు వెనక చక్రాలకి రెండు వైపులా చెక్క, హ్యాండ్‌బ్రేకు, గేరు. వెనక లేపితే హ్యాండ్‌బ్రేకు పట్టేది గాల్లో ఉన్న చక్రాలనే, కాబట్టి ముందు చక్రాలకి చెక్క తప్పదు. బోల్టులు నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేయాలి. స్ప్రింగులు కోయించుకున్నవాళ్ళు మరొకటి చూడాలి: చక్రం వేలాడేటప్పుడు పొట్టి స్ప్రింగు తన గూటిలోంచి జారుతుంది, దించే ముందు చేత్తో కాదు, టార్చి వేసి చూసుకోండి. దించాక కారు కాసేపు ఎత్తుగా, కాళ్ళు చాపినట్టు కనిపిస్తుంది. పది అడుగులు ముందుకీ వెనక్కీ నడిపితే సర్దుకుంటుంది. పోలోకి బోల్టు బిగింపు 120 న్యూటన్ మీటర్లు, బిగింపు కొలిచే టార్క్ రెంచి లేకపోతే దగ్గర్లో టైర్ల షాపులో ఆ రోజే బిగించుకోండి.