జిట్సీ మీట్ సమీక్ష: ముగ్గురు చేరాకే అసలు పరీక్ష

వీడియో సమావేశాల ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ జిట్సీ మీట్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకున్నవాళ్ల నుంచి వచ్చే మొదటి ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇద్దరు మాట్లాడుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది, మూడోవాళ్లు చేరగానే అందరి బొమ్మలూ గొంతులూ పోతాయి. ఇందులో ప్రోగ్రామ్ తప్పేమీ లేదు. ఇద్దరే ఉన్నప్పుడు జిట్సీ వీలైతే ఆ రెండు బ్రౌజర్లనూ నేరుగా కలిపేస్తుంది, వీడియో సర్వర్ గుండా పోదు. మూడో మనిషి రాగానే అంతా వీడియోబ్రిడ్జ్ (సర్వర్‌లో వీడియోలను అందరికీ చేరవేసే భాగం) మీదికి మారుతుంది. ఆ బ్రిడ్జ్ వీడియోను తీసుకునేది యూడీపీ 10000 పోర్టులో. యూడీపీ, టీసీపీ అనేవి నెట్‌వర్క్‌లో డేటా పంపే రెండు వేర్వేరు పద్ధతులు. చాలామంది ఫైర్‌వాల్‌లో టీసీపీ 80, 443 తెరిచి, దీన్ని మర్చిపోతారు. లేదా 10000నే తెరుస్తారు, కానీ టీసీపీ కింద.

పోర్టు తెరిచినా ఫలితం లేకపోతే అనుమానించాల్సింది చిరునామాను. సర్వర్ నాట్ (లోపలి యంత్రాలన్నీ ఒకే బయటి ఐపీని పంచుకునే ఏర్పాటు) వెనకాల ఉంటే బ్రిడ్జ్ తన లోపలి ఐపీని అందరికీ చెబుతుంది, బయటివాళ్లు ఆ చిరునామాకు చేరలేరు. బయటి ఐపీ ఏదో, లోపలి ఐపీ ఏదో బ్రిడ్జ్ సెట్టింగుల్లో జతగా రాయాలి. డాకర్‌లో పెట్టినవాళ్లకు ఎన్వ్ (.env) సెట్టింగుల ఫైల్‌లో జేవీబీ అడ్వర్టైజ్ ఐపీస్ (JVB_ADVERTISE_IPS) అనే వేరియబుల్ ఉంది, అక్కడ బయటి ఐపీ ఇస్తే చాలు. నిర్ధారించుకోవడానికి సర్వర్‌లో నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపే టీసీపీడంప్‌తో 10000 పోర్టును గమనిస్తూ మూడు పరికరాల నుంచి ఒకే గదిలో (సమావేశంలో) చేరండి. వాటిలో ఒకటి మొబైల్ డేటా మీద ఉండాలి. ప్యాకెట్లు అసలు రాకపోతే ఫైర్‌వాల్ లేదా చిరునామా సమస్య, వస్తున్నా బొమ్మ లేకపోతే బ్రిడ్జ్ లాగ్ చూడాలి.

పేరు కొత్తగా అనిపించినా ప్రాజెక్టు పాతదే. 2003లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఎమిల్ ఐవోవ్ విద్యార్థిగా మొదలుపెట్టిన సిప్ కమ్యూనికేటర్ అనే ఇంటర్నెట్ కాల్స్ ప్రోగ్రామ్ దీని మూలం. 2015లో అట్లాసియన్ అనే కంపెనీ చేతికి, 2018లో 8x8 అనే కంపెనీ చేతికి వెళ్లింది. లైసెన్స్ అపాచీ 2.0. అంటే మీ ఉత్పత్తిలో కలుపుకుని అమ్మినా మీ సొంత కోడ్ బయటపెట్టాల్సిన పని లేదు. కంపెనీలు దీన్ని ఎంచుకోవడానికి ఇదో పెద్ద కారణం.

డెబియన్ లేదా ఉబుంటు మీద ఇన్‌స్టాలేషన్ నిజంగా సులువు. డొమైన్ పేరు ముందే ఐపీకి చూపించి, యంత్రం హోస్ట్‌నేమ్ కూడా అదే పెట్టి, జిట్సీ ప్యాకేజీ రిపాజిటరీ జోడించి ఇన్‌స్టాల్ చేయాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్‌ను అదే అడిగి పెట్టిస్తుంది. మెమరీ దగ్గర మాత్రం జాగ్రత్త. వీడియోబ్రిడ్జ్, సమావేశాలను సమన్వయం చేసే జికోఫో రెండూ జావా ప్రోగ్రాములు, ఒక్కోదానికీ హీప్ (అది వాడుకునే మెమరీ) పరిమితి డిఫాల్ట్‌గా 3072 మెగాబైట్లు. 2 జీబీ యంత్రంలో కాసేపు నడిచి, రద్దీ పెరిగాక మెమరీ చాలక కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఒకదాన్ని చంపేస్తుంది. చిన్న బృందానికి 4 జీబీ, నలుగురూ ఆధారపడే సర్వర్‌కు 8 జీబీ పెట్టుకోండి. 2 జీబీతో ప్రయత్నించాలనుకుంటే ముందు ఆ రెండు పరిమితులూ తగ్గించాలి.

లోపల నాలుగు ముక్కలు ఉంటాయని గుర్తుంటే లోపం వెతకడం తేలిక. వెబ్ పేజీ ఎంజినెక్స్ అనే వెబ్ సర్వర్ నుంచి వస్తుంది. గదుల నిర్వహణ ప్రోసడీ అనే ఎక్స్ఎంపీపీ (సందేశాల ప్రోటోకాల్) సర్వర్‌ది. ఎవరిని ఏ బ్రిడ్జ్‌కి పంపాలో జికోఫో నిర్ణయిస్తుంది. మీడియా మోసేది వీడియోబ్రిడ్జ్. పేజీ తెల్లగా మిగిలిపోతే చాలాసార్లు కాన్ఫిగ్ ఫైల్‌లో కామా తప్పిపోయి ఉంటుంది, బ్రౌజర్ కన్సోల్ చెప్పేస్తుంది. పేజీ వచ్చి, కలవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే ప్రోసడీ లాగ్ చూడండి. అందరూ కనిపిస్తూ బొమ్మ మాత్రమే రాకపోతే పైన చెప్పిన 10000 కథే.

బ్రిడ్జ్ వీడియోలను కలిపి ఒకటి చేయదు, వచ్చినవాటిని వచ్చినట్టే ఇతరులకు పంపుతుంది. అందుకే సీపీయూ కంటే బ్యాండ్‌విడ్త్ ముందు అయిపోతుంది. పదిమంది కెమెరాలు పెడితే ఒక్కొక్కరికి తొమ్మిది చొప్పున 90 ప్రవాహాలు బయటికి వెళ్లాలి. చిన్న గడులలో 180 వరసల చిత్రానికి సెకనుకు 200 కిలోబిట్లు అనుకుంటే మొత్తం 18 మెగాబిట్లు. అదే అన్నీ 720 వరసల్లో, 2 మెగాబిట్ల చొప్పున వెళితే 180 మెగాబిట్లు. ఈ తేడా దక్కేది సైమల్‌కాస్ట్ వల్ల: ప్రతి బ్రౌజరూ తన వీడియోను పలు సైజుల్లో పంపుతుంది, చూసేవారి గడికి సరిపోయేదాన్ని బ్రిడ్జ్ ఎంచుకుంటుంది. ఇంకా తగ్గించాలంటే ఛానల్ లాస్ట్ ఎన్ (channelLastN) సెట్టింగు విలువను 6 చేయండి, ఒక్కొక్కరికి ఆరుగురి వీడియోనే వెళుతుంది.

డిఫాల్ట్‌గా మీ సర్వర్ చిరునామా తెలిసిన ఎవరైనా గది తెరవగలరు. ఇది అన్నిటికంటే నచ్చని విషయం, మొదటి రోజే సరిచేయాలి. ప్రోసడీలో ఆథెంటికేషన్ (లాగిన్ తనిఖీ) ఆన్ చేసి, అక్కడే అతిథులకు వేరే వర్చువల్ హోస్ట్ (సర్వర్‌లో విడి డొమైన్ పేరు) ఇచ్చి, దాని పేరు వెబ్ కాన్ఫిగ్‌లో కూడా రాసి, జికోఫోలో ఆథెంటికేషన్ ఆన్ చేయాలి. ఈ మూడు చోట్లలో ఒకటి వదిలేస్తే అతిథులు బయటే ఉండిపోతారు, లేదా పాస్‌వర్డే అడగదు. జిట్సీ వాళ్ల ఉచిత సర్వర్‌లోనూ 2023 ఆగస్టు నుంచి గది మొదలుపెట్టేవారు లాగిన్ కావాల్సిందే.

కోడ్ మీద పనిచేయాలనుకునేవారికి జిట్సీ మంచి బడి. తెర మీద కనిపించేదంతా రియాక్ట్ (జావాస్క్రిప్ట్ లైబ్రరీ), మొబైల్ యాప్ రియాక్ట్ నేటివ్, రెండూ ఒకే కోడ్ రిపాజిటరీలో. బటన్లు, అమరిక మార్చడానికి సొంత సర్వర్ అక్కర్లేదు: మేక్ డెవ్ కమాండ్ ఇస్తే మీ యంత్రంలో 8080 పోర్టులో తెరుచుకుని, వెనక ఉన్న సర్వర్‌తో ప్రాక్సీ ద్వారా మాట్లాడుతుంది. వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్లు వీడియో, ధ్వని పంపుకునే సాంకేతికత) ప్రవర్తన మార్చాలంటే మాత్రం లిబ్ జిట్సీ మీట్ అనే వేరే రిపాజిటరీకి వెళ్లాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, తప్పు రిపాజిటరీలో గంటలు వెతుకుతారు. మార్పులు పంపేముందు కాంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం అడుగుతారు.

లోగో, రంగులు, నాలుగు బటన్ల కోసం ఫోర్క్ (కోడ్‌కు సొంత విడి కాపీ) చేయకండి. ఇన్‌స్టాల్ అయిన ఫైళ్లలో నేరుగా చేసిన మార్పులు తర్వాతి అప్‌డేట్‌లో తుడిచిపెట్టుకుపోతాయి. ఫోర్క్ అయితే ప్రతి విడుదలకూ మీరే మెర్జ్ చేస్తూ కూర్చోవాలి. మీ వెబ్ పేజీలో జిట్సీని పొదిగే ఐఫ్రేమ్ ఏపీఐలో కాన్ఫిగ్ ఓవర్‌రైట్ (configOverwrite) ద్వారా టూల్‌బార్ బటన్లు, ముందుగా మ్యూట్ చేయడం లాంటివన్నీ బయటి నుంచే మార్చుకోవచ్చు.

బలహీనమైన భాగం రికార్డింగ్. రికార్డింగ్ చేసే భాగమైన జిబ్రి చేసేది ఏమిటంటే, కనిపించని డిస్‌ప్లేలో క్రోమ్ తెరిచి, మామూలు సభ్యుడిలా గదిలో చేరి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాధనంతో తెరనూ ధ్వనినీ పట్టుకోవడం. అందుకే ఒక జిబ్రి ఒక సమయంలో ఒక రికార్డింగే చేస్తుంది, దానికి వేరే యంత్రం ఇవ్వడం మంచిది. ప్యాకేజీ పద్ధతిలో పెడితే ధ్వనిని పట్టుకోవడానికి ఆల్సా లూప్‌బ్యాక్ అనే కెర్నల్ మాడ్యూల్ కావాలి, చాలా క్లౌడ్ కెర్నల్స్‌లో అది ఉండదు కాబట్టి మామూలు జెనరిక్ కెర్నల్ వేసుకోవాలి. క్రోమ్ దానంతట అదే అప్‌డేట్ అయి, దాన్ని నడిపించే క్రోమ్‌డ్రైవర్ పాతదే ఉండిపోతే, బటన్ నొక్కిన కొన్ని క్షణాలకే రికార్డింగ్ విఫలమవుతుంది. రెండింటి వెర్షన్లూ ఒకటే ఉండేలా అప్‌డేట్‌ను ఆపి ఉంచండి. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (సర్వర్ కూడా చూడలేనట్టు వీడియోకు వేసే తాళం) ఆన్ చేస్తే జిబ్రి రికార్డింగ్ పనిచేయదు, తాళంచెవి జిబ్రికి అందదు కదా. ఎప్పుడో ఒకసారి రికార్డు చేసుకునేవారికి ఇంత తతంగం దండగ. క్రోమ్‌లో జిట్సీలోనే ఉన్న లోకల్ రికార్డింగ్ ఆన్ చేసుకోవచ్చు, ఫైల్ ఆ కంప్యూటర్‌లోనే పడుతుంది.