మూడేళ్లు ఎయిర్ రైఫిల్‌కు హ్యాండ్ పంపుతో గాలి కొట్టాక నా మోచెయ్యి చెప్పిన సంగతులు

ముందే చెప్తున్నా, ఇది పంపు కంపెనీ గురించి కాదు. కంపెనీ ఏదైనా, గాలిని మూడు విడతలుగా నొక్కే ఈ మూడు దశల హ్యాండ్ పంపులన్నీ దాదాపు ఒకే తీరుగా పనిచేస్తాయి. కొనేముందు అందరూ ఎంత ప్రెషర్ ఎక్కుతుంది, వారంటీ ఉందా అని అడుగుతారు గానీ, ఏడాది కొట్టాక చెయ్యి ఏమవుతుంది అని అడిగినోళ్లు నాకు కనపడలేదు. నేనూ అడగలేదు.

మా బిడ్డ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కొడుతుంది, అంటే గాలి ఒత్తిడితో ఛర్రాను తోసే తుపాకీ. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు పతకం తెచ్చిన ఈవెంట్ అదే. ఉండేది నల్లగొండలో. మేడమీద గది, వరండా కలిపితే సరిగ్గా 10 మీటర్లు వస్తాయి, అక్కడే వెనక మందపాటి ఇనుప రేకు పెట్టె కట్టి పేపర్ టార్గెట్ మీద ప్రాక్టీస్. మొదట్లో బ్యారెల్ విరిచి ఛర్రా పెట్టే స్ప్రింగ్ గన్ ఉండేది. ఒక్కో ఛర్రాకు ఒకసారి బ్యారెల్ కిందికి గుంజాలి. మ్యాచ్‌లో 60 షాట్లు కాబట్టి ఇంట్లో కూడా 60 కొట్టాలని కూర్చుంటే, నలభై దాటేసరికి పిల్ల భుజం పట్టుకునేది. అప్పుడు గాలి సిలిండర్ ఉన్న సెకండ్ హ్యాండ్ మ్యాచ్ రైఫిల్ కొన్నాం. దాంట్లో ఛర్రా పెట్టడం వేలితో చేసే చిన్న పని, పిల్ల చెయ్యి బతికిపోయింది. గాలి కొట్టే పని మాత్రం నా మీద పడ్డది.

సిలిండర్ నిండితే లోపలి ప్రెషర్ 200 బార్. అంటే దాదాపు 2900 పీఎస్ఐ. మన బండి టైరులో కొట్టించేది 30 పీఎస్ఐ చుట్టూ, దానికి ఇది ఇంచుమించు వంద రెట్లు. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో ఇది అయ్యే పని కాదు, అందుకే ఈ పంపు. 100 బార్ నుంచి 180 దాకా ఎక్కించాలంటే మా సిలిండర్‌కు 90 సార్ల దాకా కొట్టాలి. మొదటి ముప్పై సుకంగా పోతాయి. 150 దాటినాక హ్యాండిల్ చివరి జానెడు దూరం దిగాలంటే ఒళ్లంతా పెట్టాలి.

నేను చేసిన తప్పు ఏందంటే, సైకిల్ పంపు కొట్టినట్టే కొట్టిన. మోచేతులు వంచి, హ్యాండిల్‌ను గట్టిగా పిడికిలి పట్టి, మణికట్టు పైకి మడిచి, గబగబా. పైగా పిల్ల ప్రాక్టీస్‌కు కూర్చునే ముందు హడావుడిగా ఖాళీ సిలిండర్ మొత్తం ఒకేసారి నింపేవాణ్ని. ఎనిమిది నెలలకు కుడి మోచెయ్యి బయటివైపు ఎముక దగ్గర నొప్పి మొదలైంది, చాయ్ గ్లాసు ఎత్తినా, తలుపు గొళ్లెం తిప్పినా పోటు. ఆర్థో డాక్టర్ చూసి టెన్నిస్ ఎల్బో అన్నారు. మణికట్టును పైకి లేపే కండరాలు వచ్చి అతుక్కునే చోటు అదేనట, గట్టిగా పట్టి మళ్లీ మళ్లీ లాగితే కండరాన్ని ఎముకకు అంటించే ఆ కట్టు దెబ్బతింటుందన్నారు. నెలన్నర పంపు ముట్టొద్దన్నారు. తర్వాత ఫిజియోథెరపీలో నేర్పిన వ్యాయామం ఒక్కటే, చిన్న బరువు పట్టుకుని మణికట్టును మెల్లగా కిందికి దించడం. ఇప్పటికీ చేస్తున్నా.

అసలు మాట చెప్పింది మా అమ్మ. అమ్మ పుట్టిల్లు పుట్టపాక, చేనేత ఇల్లు. పెండ్లి కాకముందు నుంచి ఆసు పోసింది. తెలియనోళ్లకు చెప్తున్నా, చీర నూలుకు ముడులు కట్టి రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి, ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9000 సార్లు అటూ ఇటూ పోవాలి, నాలుగైదు గంటలు. మా దిక్కు ఆడోళ్ల భుజాలు ఎట్ల పోయాయో అందరికీ తెలుసు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం తన తల్లి నొప్పి చూడలేకనే 1999లో ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. అమ్మ నేను పంపు కొట్టేది చూసి, "గంత తొందరేంది కొడుకా, చేత్తో ఎందుకు గుద్దుతవ్, ఒంటితోని వంగు" అన్నది. తొమ్మిది వేల సార్లు చెయ్యి తిప్పిన మనిషి మాట అది. నేను అప్పుడు పట్టించుకోలేదు, తర్వాత ఫిజియోథెరపిస్టు కూడా అచ్చం అదే చెప్పారు.

ఇప్పుడు కొట్టే పద్ధతి ఇది. కాళ్లు పంపు అడుగు పట్టీల మీద గట్టిగా పెట్టి, మోచేతులు చాపి ఉంచి, లేచేటప్పుడు మోకాళ్లతో నిటారుగా లేస్తా, హ్యాండిల్ పైదాకా పూర్తిగా వస్తుంది. సగం దాకే లేపితే గాలి సగమే పడుతుంది, లెక్క రెండింతలవుతుంది, చాలామంది ఇక్కడే మోసపోతారు. దిగేటప్పుడు తుంటి దగ్గర వంగి ఒంటి బరువు హ్యాండిల్ మీద పడనిస్తా, చేతులు ఊతకర్రల్లాగ ఉంటాయి అంతే. కింద ఒక్క క్షణం ఆగుతా, గాలి లోపలి దశకు మారడానికి ఆ టైమ్ కావాలి. హ్యాండిల్‌ను పిడికిలి పట్టను, బొటనవేలు చుట్టకుండా మణికట్టు దగ్గరి అరచేతి అడుగు భాగంతో నొక్కుతా. హ్యాండిల్ సన్నగా ఉంటే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేసుకోండి, నాకు సగం నొప్పి దాంతోనే తగ్గింది.

ఇంకో మార్పు, సిలిండర్‌ను ఖాళీ కానివ్వను. 130కి వచ్చిందంటే రాత్రి తిన్నాక ఒక ముప్పై, ఒక గంట ఆగి ఇంకో ఇరవై. మధ్యలో ఆగడం చేతికే కాదు పంపుకూ మంచిది, నొక్కిన గాలి వేడెక్కుతుంది, ఆగకుండా కొడితే లోపల గాలి లీకవకుండా ఆపే రబ్బరు రింగులు పాడవుతాయి. వానాకాలంలో మరీ జాగ్రత్త, తేమ లోపల నీళ్లవుతుంది, గాలి వదిలే బ్లీడ్ స్క్రూ తిప్పి ఊదించి తీసేయాలి. షూటింగ్ చేసేవాళ్లే పంపు కొట్టుకునేట్టయితే ముందురోజే కొట్టుకోండి. ఒకసారి మా బిడ్డ పంతానికి తనే కొట్టి వెంటనే రైఫిల్ పట్టింది, చేతులు వణికి ఛర్రాలు ఎటెటో పోయాయి. టార్గెట్ నడిమి 10వ రింగు అర మిల్లీమీటరు చుక్క, వణికే చేతికి అది దొరకదు.

ఒకటి గట్టిగా చెప్పాలి. పంపు కష్టమని నాకు ఒకాయన వెల్డింగ్ షాపు ఆక్సిజన్ నింపుకో అని సలహా ఇచ్చాడు. ఎప్పుడూ చేయొద్దు. ఎక్కువ ప్రెషర్ ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే మంటే, పేలుడే. మామూలు గాలి తప్ప ఇంకేదీ ఆ సిలిండర్‌లోకి పోవద్దు. సిలిండర్ మీద తయారీ తేదీ ఉంటుంది, పదేళ్లు దాటితే పక్కన పెట్టేయండి.

కొనాలా వద్దా అంటే, ఇంట్లో షూటింగ్ చేసేది ఒక్కరే అయి, వారానికి రెండు మూడు రోజులే అయితే పంపు చాలు. ఇద్దరు షూటర్లున్న ఇంటికి నేను వద్దంటాను, డైవింగ్ సిలిండర్ లాంటి పెద్దది కొని హైదరాబాద్‌లో నింపించుకుని, దాంట్లోంచి చిన్నదాంట్లోకి పట్టుకోవడం నయం, మా లెక్క వంద కిలోమీటర్లు పోవాల్సి వచ్చినా సరే. మోచెయ్యి ఇప్పటికే నొస్తున్నవాళ్లు అసలు పంపు కొనొద్దు. మా పంపుకు మూడేళ్లలో ఆ రబ్బరు రింగుల సీల్ కిట్ రెండుసార్లు మార్చాను, ఇంకా గట్టిగానే ఉంది. నా మోచెయ్యి చలికాలం పొద్దున మాత్రం కొంచెం పట్టేస్తుంది. ఇవాళ గేజు 140 చూపిస్తోంది, రాత్రికి ఒక పాతిక కొడితే రేపటి ప్రాక్టీస్‌కు సరిపోతుంది.