వసంతంలో అడవి టర్కీ వేట: మిస్సోరీ, టెక్సస్, బ్లాక్ హిల్స్‌లలో ఎవరికి ఏది నప్పుతుంది

అమెరికాలో ఉంటూ వేట మీద మనసు పడ్డ తెలుగువాళ్లు ముందుగా ఆలోచించేది ఏ తుపాకీ కొనాలా అని. అంతకంటే ముందు చూసుకోవలసింది వీసా. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉన్నవారికి మినహాయింపు ఉంది. కాబట్టి వరస ఇలా ఉండాలి: హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. లైసెన్సు రాకముందు స్నేహితుడి తుపాకీ తీసుకుని రేంజ్‌లో నాలుగు తూటాలు కాల్చినా తప్పే. గడువు తేదీ కూడా గుర్తుంచుకోవాలి. టెక్సస్ సాధారణ లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది, ఆ తర్వాత ఇంట్లో తుపాకీ ఉంటే మినహాయింపు కాపాడదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు. విల్లు, క్రాస్‌బోలకు ఈ చట్టం వర్తించదు.

ఇక ఎక్కడికి వెళ్లాలన్నది. మా లెక్కలో ఈ వేట ఫలితాన్ని తేల్చేవి రెండే: కాలు పెట్టే హక్కున్న నేల, ముందురోజు సాయంత్రం పక్షి ఎక్కిన చెట్టు తెలియడం. డబ్బైనా సెలవైనా ఈ రెండింటికే పెట్టాలి.

మిస్సోరీలో ఉండేది ఈస్టర్న్ రకం, తోక చివర ముదురు గోధుమ రంగు. బాగా ఎదిగిన పుంజు 18 నుంచి 24 పౌన్లు తూగుతుంది. 1960లో అక్కడ ఆధునిక కాలపు మొదటి వసంత సీజన్ పెట్టినప్పుడు మూడు రోజులే, 14 కౌంటీలే, దొరికినవి 94 పక్షులు. ఇప్పుడు ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు నడుస్తుంది. పరిమితి రెండు పక్షులు, మొదటి వారంలో ఒక్కటే. పబ్లిక్ నేలల్లో మధ్యాహ్నం 1 గంటకు వేట ఆపేయాలి. ప్రైవేటు నేలల్లో సూర్యాస్తమయం దాకా అనుమతిస్తున్నారు. కొట్టిన రోజే రాత్రి 10 లోపు టెలిచెక్ అనే ప్రభుత్వ నమోదు వ్యవస్థలో నమోదు చేయాలి. గింజలు చల్లిన చోట వేటాడకూడదు. గింజలు పూర్తిగా తీసేశాక కూడా పది రోజుల పాటు ఆ చోటు నిషిద్ధమే. కాబట్టి ప్రైవేటు నేల ఇచ్చే రైతును ఈ సంగతి సూటిగా అడగాలి.

దక్షిణాన ఓజార్క్ కొండల్లో మార్క్ ట్వేన్ నేషనల్ ఫారెస్ట్ సుమారు 15 లక్షల ఎకరాలు. లోపలికి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వేట పర్మిట్ ఉంటే చాలు. అయితే పక్షులు పలచగా ఉంటాయి, గట్లు ఎక్కి దిగే ఓపిక కావాలి. ఉత్తర మిస్సోరీ పొలాల్లో పక్షులు ఎక్కువే గానీ నేలంతా రైతులది. అక్కడి చిన్న ప్రభుత్వ కన్జర్వేషన్ ఏరియాల్లో సీజన్ మొదటి శని, ఆదివారాల్లో కారు ఆపే చోటు కూడా దొరకదు. రెండో వారం మంగళ, బుధవారాల్లో వెళ్లండి. అప్పటికి పెట్టలు పొదగడం మొదలుపెడతాయి, పుంజులు ఒంటరివవుతాయి, జనమూ తగ్గుతారు. ఓజార్క్ వైపు వెళితే బసకు ఎమినెన్స్, వాన్ బ్యూరెన్ ఊళ్లు అనుకూలం. నది మీద పడవలు నడిపేవారి కోసం కట్టిన క్యాబిన్లు ఏప్రిల్‌లో పనిదినాల్లో చాలావరకు ఖాళీగానే ఉంటాయి. బుక్ చేసేటప్పుడు వంటగది, ఫ్రీజర్ ఉన్నాయా అని అడగండి. తెల్లవారుజామున నాలుగింటికి ఆ ఊళ్లలో ఏ హోటలూ తెరవదు.

టెక్సస్ వేరే లోకం. ఎడ్వర్డ్స్ పీఠభూమిలో జంక్షన్, మేసన్, మెనార్డ్ చుట్టుపక్కల రియో గ్రాండే రకం మందలుగా తిరుగుతుంది. ఆస్టిన్, శాన్ ఆంటోనియోల్లో ఉన్నవారికి రెండు మూడు గంటల దారి. ఇక్కడ నేల దాదాపు అంతా ప్రైవేటు. 48 డాలర్ల పబ్లిక్ హంటింగ్ పర్మిట్‌తో తెరుచుకునే నేలలున్నా మంచి టర్కీ చోట్లు వాటిలో కొద్దిగానే. అందుకే చాలామంది రాంచ్ ప్యాకేజీ తీసుకుంటారు: మూడు రోజుల వేట, గది, భోజనం, గైడు కలిపి సాధారణంగా వెయ్యి నుంచి రెండున్నర వేల డాలర్ల మధ్య అడుగుతారు. లైసెన్సు ఖర్చు వేరు. మొదటిసారి వెళ్లేవారికి, ఎక్కువ నడవలేనివారికి, పిల్లలతో వెళ్లేవారికి ఇదే సరైన చోటు.

అడ్వాన్సు కట్టేముందు ఈ ప్రశ్నలు అడగాలి. ఒక్కో వేటగాడికి ఎన్ని ఎకరాలు? ఈ సీజన్‌లో ఇప్పటికే ఎన్ని బృందాలు వచ్చి వెళ్లాయి? మొక్కజొన్న ఫీడర్ దగ్గర గుడారంలో కూర్చోబెడతారా, పెట్ట కూతలా పిలిచి పుంజును రప్పిస్తారా? రెండో పక్షికి అదనం ఎంత? గాయపడి తప్పించుకున్న పక్షిని లెక్కలో కలుపుతారా? పక్షులు రాత్రి ఎక్కే చెట్ల దగ్గర కాలుస్తారా? ఈ చివరి ప్రశ్నకు అవునంటే ఆ రాంచ్ వద్దు. రాత్రి బస దగ్గర ఒక్కసారి తుపాకీ పేలితే మంద ఆ చెట్లు వదిలి పక్క రాంచ్‌కు పోతుంది, తర్వాత వచ్చేవారికి మిగిలేది ఖాళీ అడవే. వేటాడని కుటుంబసభ్యులు తోడుంటే జంక్షన్ పక్కనే సౌత్ లానో రివర్ స్టేట్ పార్కు ఉంది. టర్కీలు చలికాలమంతా రాత్రిళ్లు బస చేసే పెకాన్ తోపులు అక్కడివి. పక్షులను చూడటానికి కట్టిన చాటు గదులు ఉన్నాయి.

సౌత్ డకోటా బ్లాక్ హిల్స్ కాళ్లలో సత్తువ ఉన్నవారికి. తోక చివర దాదాపు తెల్లగా మెరిసే మెరియమ్స్ రకం ఇక్కడ సహజంగా ఉన్నది కాదు, 1948 నుంచి 1951 మధ్య న్యూమెక్సికో, కొలరాడోల నుంచి తెచ్చి వదిలారు. పాండెరోసా పైన్ అడవిలో ఏప్రిల్‌లో కూడా మంచు పడుతుంది. మంచు ఉన్నన్నాళ్లు పక్షులు కింది లోయల్లో ఉంటాయి, కరిగేకొద్దీ పైకి వెళతాయి. అందుకే నిరుటి సీజన్‌లో దొరికిన చోటునే నమ్ముకుని ఆగిపోకూడదు. హిల్ సిటీ, కస్టర్, హాట్ స్ప్రింగ్స్‌లలో వేసవి రద్దీకి ముందు గదులు చవక, కొన్ని మోటళ్లు అసలు తెరవవు, ఫోన్ చేసి కనుక్కోండి. కస్టర్ స్టేట్ పార్కు లోపల వేటకు విడిగా లైసెన్సు కావాలి. అందం విషయంలో మిగతా రెండూ దీని దరిదాపులకు రావు.

తుపాకీ సంగతి. 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం కొలత, అంకె తగ్గేకొద్దీ గొట్టం వెడల్పు) ఉండి తీరాలన్న రోజులు పోయాయి. సీసం సాంద్రత 11 అయితే టీఎస్ఎస్ అనే టంగ్‌స్టన్ గుండ్లది 18. దాంతో 20 గేజ్‌లో 9వ నంబరు గుండ్లు కూడా 40 గజాల దాకా పనిచేస్తాయి. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది. మిస్సోరీలో 4వ నంబరు కంటే పెద్ద గుండ్లు వాడకూడదు. తూటా ఖరీదైనదని పరీక్షించకుండా వెళ్లడమే అన్నిటికంటే పెద్ద నష్టం. ముందు చవక తూటాలతో గురి సరిచేసుకుని, తర్వాత వేటలో వాడబోయే తూటాతో 40 గజాల నుంచి కాగితం మీద కాల్చండి. 10 అంగుళాల వలయంలో 100 గుండ్లు పడాలి. అన్ని పడకపోతే 40 గజాలు మీ దూరం కాదు, 30కి తగ్గించుకోండి. 15 గజాల నుంచి కూడా ఒకటి కాల్చి చూడండి: గుండ్లన్నీ బత్తాయి పండంత చోటులో పడతాయి. దగ్గరకు వచ్చిన పుంజు తప్పిపోయేది ఇందుకే. పక్షిని బాగా చూడాలని చెంపను తుపాకీ మడమ నుంచి పైకి లేపితే గుండు తల మీదుగా పోతుంది. గురి ఎప్పుడూ మెడ మొదట్లో, తోక విప్పి నిక్కినప్పుడు కాకుండా మెడ చాచినప్పుడు.

పొద్దుగుంకేవేళ గట్టు మీద నిలబడి గుడ్లగూబ కూత వేస్తే చెట్టెక్కిన పుంజు చాలాసార్లు బదులిస్తుంది. తెల్లారి చీకటిలోనే ఆ చెట్టుకు 100, 150 గజాల దూరంలో, అదే ఎత్తులో లేదా కాస్త పైన కూర్చోవాలి. మధ్యలో వాగు, కంచె, దట్టమైన పొద ఉంటే పుంజు 60 గజాల దగ్గర ఆగిపోతుంది. ప్రకృతిలో పెట్ట పుంజు దగ్గరకు నడుస్తుంది గాని పుంజు పెట్ట దగ్గరకు కాదు. చెట్టు మీద ఉండగానే ఎడతెగకుండా పిలిస్తే అది అక్కడే కూర్చుని మీ రాకకు ఎదురుచూస్తుంది. మెత్తగా రెండు మూడు పిలుపులు చాలు. దిగి పెట్టల వెంట పోయిందా, ఓపిక పట్టండి. తొమ్మిది దాటాక పెట్టలు గూళ్లకు చేరతాయి, పొద్దున పలికిన చోటుకే పుంజు తిరిగి రావచ్చు. కూత ఆగిందని లేవకూడదు. చప్పుడు లేకుండా నడిచొచ్చే పుంజులే ఎక్కువ, కనీసం అరగంట కదలకుండా కూర్చోండి.

ఎరుపు, తెలుపు, నీలం బట్టలు, చేతి రుమాలు కూడా, ఇంట్లోనే వదలండి. అవి పుంజు తల రంగులు. భుజాలకంటే వెడల్పైన చెట్టుకు వీపు ఆనించండి. ఎరగా నిలబెట్టే బొమ్మ పెట్టను సంచిలో దాచి మోయండి. వినిపించిన కూత వైపు పాక్కుంటూ వెళ్లకండి, అక్కడ కూస్తున్నది మరో వేటగాడు కావచ్చు. మిస్సోరీలో పిడుదులు విపరీతం. లోన్ స్టార్ అనే రకం పిడుదు కుడితే కొందరికి మేక, గొడ్డు మాంసాలు పడకుండా పోతాయి. 0.5 శాతం పెర్మెత్రిన్ ప్యాంటుకు, బూట్లకు ముందురోజే చల్లి ఆరనివ్వాలి, ఒంటికి పూయకూడదు.

పక్షి పడ్డాక గంటలోపు పొట్ట తీసి లోపల ఐసు సంచి పెట్టండి, కరిగిన నీళ్లు మాంసానికి తగలనివ్వకండి. టెక్సస్‌లో 24 గంటల్లోపు యాప్‌లో నమోదు తప్పనిసరి. ఇల్లు చేరేదాకా గడ్డం (రొమ్ము మీద వేలాడే ఈకల కుచ్చు), ముల్లున్న కాలు పక్షికే ఉంచండి, దారిలో ఆపినవారికి పుంజని చూపాలి. రొమ్ము మాంసం వేపుడుకు బాగుంటుంది, త్వరగా ఎండిపోతుంది కాబట్టి ఎక్కువసేపు ఉంచకూడదు. కాళ్లలోని నరాలు పుల్లల్లా గట్టివి, అమెరికన్లలో చాలామంది పారేస్తారు. ప్రెషర్ కుక్కర్‌లో ముప్పావుగంట ఉడికించి, నరాలు లాగేసి, నాటుకోడి పులుసు మసాలాతో వండితే రొమ్ము కంటే కాళ్లే రుచి.