క్వయర్ పాటల నోట్స్‌కి మ్యూజ్‌స్కోర్ మేలా, లిలీపాండ్ మేలా?

పాలకొల్లులో మా చర్చి క్వయర్‌లో స్టాఫ్ నోటేషన్, అంటే అయిదు గీతల మీద రాసిన స్వరాలు, చదవగలిగేవాళ్లు ముగ్గురే. మిగతావాళ్లంతా చెవితో పట్టేస్తారు. అయినా సొప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అనే నాలుగు గొంతులూ కలిసే పాటకి కాగితం కావాల్సిందే. నిరుడు క్రిస్మస్‌కి మా చేతిలో ఉన్నది జిరాక్స్‌కి తీసిన జిరాక్స్. మడత పడ్డ చోట స్వరాన్ని అర మెట్టు దించే ఫ్లాట్ గుర్తు ఒకటి చెరిగిపోయింది. ఆల్టోలు రెండు వారాలు తప్పు స్వరమే పాడారు, దాన్ని మాన్పించడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. అప్పటినుంచి కంప్యూటర్‌లోనే రాస్తున్నాను.

మ్యూజ్‌స్కోర్, లిలీపాండ్ స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్‌లు. రెండూ ఉచితమే, రెండూ ఓపెన్ సోర్సే. మ్యూజ్‌స్కోర్‌లో అయిదు గీతల మీద నోట్ పెడతాం, పెట్టగానే మోగుతుంది. 1996లో మొదలైన లిలీపాండ్‌లో గీతలేవీ కనిపించవు. స్వరాల అక్షరాలు, కాలం అంకెలు టైపు చేసి ఇస్తే పేజీ మొత్తం అదే అమర్చి పీడీఎఫ్ చేతిలో పెడుతుంది. ఆ పేజీ పాత అచ్చు పుస్తకాల్లా ఎంత అందంగా ఉంటుందో! నోట్ల మధ్య దూరం మనమే సర్దాల్సిన పని చాలా తక్కువ.

అసలు పరీక్ష తెలుగు మాటల దగ్గర. ‘సర్వ’ రెండు నోట్ల మీద పడిందనుకోండి. పాడేటప్పుడు ‘సర్-వ’, రాసేటప్పుడు ‘స-ర్వ’. నేను రాసే పద్ధతిలోనే విడగొడతాను, ‘సర్’ అని పొల్లు కనబడితే మావాళ్లు అక్కడ ఆగిపోతున్నారు. మధ్యలో అడ్డగీత మాత్రం తీయను. తీసి చూశాను, ఏ అక్షరం ఏ మాటదో తెలియక పిల్లలు తడబడ్డారు. మ్యూజ్‌స్కోర్‌లో కంట్రోల్, ఎల్ కలిపి నొక్కి అక్షరం కొట్టాలి, హైఫన్ నొక్కితే తర్వాతి నోట్‌కి వెళ్తుంది, మాట అయిపోతే స్పేస్. లిలీపాండ్‌లో అక్షరాల మధ్య రెండు హైఫన్లు, వాటికి అటూ ఇటూ ఖాళీ. ఒక ఖాళీ మర్చిపోయినా ఆ తర్వాతి అక్షరాలన్నీ పక్క నోట్ల కిందకి జరిగిపోతాయి.

మ్యూజ్‌స్కోర్‌కీ ఒక తంటా ఉంది. అది మాటలకి మామూలుగా వాడే ఫాంట్‌లో తెలుగు లేదు. అందుకని ఏ కంప్యూటర్‌లో తెరిస్తే అందులో దొరికిన తెలుగు ఫాంట్ తగిలించుకుంటుంది, వరసలు కదిలిపోతాయి. స్టైల్‌లోకి వెళ్లి మండలి లాంటి ఫాంట్ ఒకటి ఖాయం చేయండి. రెండు మూడు చరణాలు ఒకదాని కింద ఒకటి వస్తే పై వరస వత్తులు కింది వరస గుడులకి తగులుతాయి, లైన్ల మధ్య దూరం కాస్త పెంచండి.

శృతి మార్చడం రెండింటిలోనూ నిమిషం పని. ఒకటిన్నర శృతి పాటని ఒకటికి దించమని పాడేవాళ్లు అడిగితే ఇదివరకు రాత్రంతా తిరగరాసేవాణ్ణి.

నా ఓటు మ్యూజ్‌స్కోర్‌కే. కారణం మిక్సర్. టెనార్ గొంతు ఒక్కటే పెంచి, మిగతావి తగ్గించి, ఎంపీత్రీ చేసి వాట్సాప్‌లో పెడతాను. చేపల చెరువు గట్టు మీద కూర్చుని ఫోన్‌లో వింటూ మా టెనార్ ఒకతను తన భాగం మొత్తం నేర్చేసుకున్నాడు. లిలీపాండ్ కూడా మిడి ఫైల్ (ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే ఫైల్) ఇస్తుంది కానీ, దాన్ని పాడేవాళ్లకి పనికొచ్చేలా చేయడానికి వేరే సాఫ్ట్‌వేర్ వెతుక్కోవాలి.

పాటల పుస్తకం మొత్తం అచ్చు వేయించి ఏళ్ల తరబడి దాచుకోవాలంటే మాత్రం లిలీపాండే. అది ఉత్త టెక్స్ట్, నోట్‌ప్యాడ్‌లోనైనా తెరుచుకుంటుంది. మ్యూజ్‌స్కోర్ 4లో సేవ్ చేసిన ఫైల్ 3లో తెరుచుకోదు. డబ్బు పెట్టి కొన్నదైతే ఎప్పటికీ ఉంటుందన్న భరోసా కూడా లేదు, 1988 నుంచి ఉన్న ఫినాలే అనే నోట్స్ రాసే సాఫ్ట్‌వేర్‌ని 2024 ఆగస్టులో ఆపేస్తున్నామని ప్రకటించారు. అందుకే పీడీఎఫ్‌తో పాటు, వేరే నోట్స్ సాఫ్ట్‌వేర్‌లు కూడా చదవగలిగే మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ కాపీ కూడా మ్యూజ్‌స్కోర్‌లోంచి తీసి దాచుతున్నాను. రేపు లిలీపాండ్‌లోకి మార్చాలన్నా అదే దారి. మార్చాక మాటలు ఒక్కో అక్షరం సరిచూసుకోవాలి, ముఖ్యంగా వత్తులున్న చోట.