16 బిట్టా, 24 బిట్టా, 32 ఫ్లోటా? ఇంట్లో రికార్డింగుకు ఏది మేలు

శబ్దాన్ని ఫైల్లో అంకెలుగా రాసేటప్పుడు ఒక్కో అంకెకు ఇచ్చే చోటే ఈ బిట్లు. వాటిని పోల్చాలంటే ముందు డెసిబెల్స్ (శబ్దం కొలత) కూడిక తెలియాలి. 50 డెసిబెల్స్ మోత చేసే ఫ్యాన్లు రెండు తిరిగితే వచ్చేది 100 కాదు, 53. అదే 50కి 40 తోడైతే 50.4. పెద్ద మోత పక్కన చిన్నది లెక్కకే రాదన్నమాట.

డిజిటల్‌లో గరిష్ఠం సున్నా, కొలతంతా దాని కిందే. బిట్టుకు సుమారు 6 డెసిబెల్స్ చొప్పున 16 బిట్ తన సొంత రొద −96 దగ్గర ఉంటుంది, 24 బిట్‌ది −144 దగ్గర. వినడానికి ఘనంగానే ఉంది. కానీ మీ గదిలో ఫ్యాను, ఫ్రిజ్, వీధిలో ఆటో కలిసి −60 దగ్గర హోరెత్తిస్తుంటే? −60కి −96 కలిపితే పెరిగేది డెసిబెల్‌లో వెయ్యో వంతు! బిట్ల సంగతి తర్వాత, ముందు ఫ్యాను ఆపండి.

అయినా నా ఓటు 24కే. లెవెల్ −18 దగ్గర పెట్టుకుని నిశ్చింతగా మాట్లాడొచ్చు. మధ్యలో ఎవరైనా పకపకా నవ్వినా గొంతు పగలదు. నిశ్శబ్దమైన గదిలో తంబూరా మీద సన్నగా పాడేవాళ్లకైతే 16కీ దీనికీ తేడా నిజంగానే తెలియొచ్చు. ఖర్చంటారా, 48 కిలోహెర్ట్జ్ మోనోలో నిమిషానికి 5.76 ఎంబీ కాస్తా 8.64 అవుతుంది, అంతే. (మైకు సిగ్నల్‌ని అంకెలుగా మార్చే మంచి కన్వర్టర్లు కూడా 120 డెసిబెల్స్ చుట్టూనే ఆగిపోతాయి కాబట్టి ఆ 24లో చివరి నాలుగు బిట్లు ఉత్త హిస్సే.)

32 ఫ్లోట్ (సున్నాకి పైనున్న శబ్దాన్నీ రాయగల 32 బిట్ పద్ధతి) అసలు చోటు మిక్సింగ్, అంటే ట్రాకులను కలపడం. −6లో ఉన్న ఒకే ట్రాకు కాపీలు రెండు కలిపితే దాదాపు సున్నాకి చేరతాయి. వేర్వేరు గొంతులైతే సగటున 3 పెరుగుతుంది, ఎనిమిదైతే 9. సున్నా దాటినదాన్ని 24 బిట్ ఫైలు కోసేస్తుంది. ఫ్లోట్ దాచి ఉంచుతుంది, ఫేడర్ (ట్రాకు లెవెల్ మీట) దించితే తిరిగొస్తుంది. ఉచిత ఆడియో ఎడిటర్ ఆడాసిటీ ఎలాగూ మామూలుగా ఫ్లోట్‌లోనే పనిచేస్తుంది.

రికార్డింగుకు మాత్రం ఫ్లోట్‌ని గుడ్డిగా నమ్మకండి. మైకులోనో, దాని సిగ్నల్ పెంచే ప్రీయాంప్‌లోనో చిట్లిన శబ్దాన్ని ఏ ఫార్మాటూ అతికించలేదు. మైకును కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్‌లో ఉన్నది 24 బిట్ కన్వర్టరైతే, ఫ్లోట్ ఎంచుకుంటే లావయ్యేది ఫైలే. ఒకే మైకుకు రెండు కన్వర్టర్లు (ఒకటి సన్న శబ్దాలకు, ఒకటి పెద్ద మోతలకు) వాడే రికార్డరైతే వేరే సంగతి. బోనాల డప్పుల మధ్య, లెవెల్ సరిచూసుకునే తీరిక లేనిచోట, దానికి పెట్టిన డబ్బు దక్కుతుంది.

16 చివర్లో, సీడీకి దించేటప్పుడు చాలు. అప్పుడు డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే అతి సన్నని రొద) వేయండి, ఒక్కసారే.