పాత అరిసాకా రైఫిల్: చాంబర్ తొలిపించాలా, అసలు తూటానే వెతకాలా?

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికన్ సైనికులు గుర్తుగా ఇంటికి తెచ్చుకున్న జపాన్ వస్తువుల్లో అరిసాకా రైఫిళ్లు కోకొల్లలు. ఆ తరం వెళ్లిపోతుంటే అవి అటకల మీంచి దిగి అమ్మకానికి వస్తున్నాయి, అక్కడ స్థిరపడిన మనవాళ్ల చేతికీ చిక్కుతున్నాయి. చిక్కల్లా తూటాతోనే. 1905 నాటి టైప్ 38కి 6.5×50 తూటా (గుండు సుమారు 6.5 మి.మీ. లావు, దాన్నీ మందునూ పట్టి ఉంచే ఇత్తడి తొడుగు సుమారు 50 మి.మీ. పొడవు) కావాలి, 1939 నాటి టైప్ 99కి 7.7×58 కావాలి. దుకాణానికి వెళితే .308, .30-06 అనే అమెరికన్ తూటాల పెట్టెలు దొంతర్లుగా ఉంటాయి, ఈ రెండూ కనిపించవు. చాంబర్‌ను (తూటా కూర్చునే గదిని) కాస్త తొలిపించి దొరికే తూటాకు సరిచేయిస్తే పోదా అనిపించేది అప్పుడే.

నన్నడిగితే టైప్ 38కి వద్దు, టైప్ 99కి అసలే వద్దు. రెండింటికీ కారణాలు వేరు.

తుపాకీ గొట్టం, అంటే బ్యారెల్, వెనుక కొసన ఉంటుంది ఈ చాంబర్. రీమర్ అనే తొలిచే పనిముట్టుతో దాన్ని పెంచగలరు గాని కుదించలేరు. కాబట్టి కొత్త తూటా పాతదానికన్నా పొడవుగా ఉండాలి, లావులో తీసిపోకూడదు. గుండు వ్యాసం బ్యారెల్ రంధ్రానికి సరిపోవాలి, అది రీమర్ చేతిలో లేని సంగతి. ఇప్పుడు అందరి నోటా ఉన్న 6.5 క్రీడ్‌మోర్ తూటాను టైప్ 38లో పెట్టవచ్చా అని అడిగేవాళ్లున్నారు. గుండు కొలత కలుస్తుంది గాని, దాని ఇత్తడి తొడుగు పాతదానికన్నా పొట్టి. బ్యారెల్ ఊడదీసి, వెనుక కొస కోసి, మళ్లీ మరలు తిప్పితే తప్ప కుదరదు. అంత పని చేయించేవారు కొత్త బ్యారెలే వేయించుకోవచ్చు.

1950ల్లో గన్‌స్మిత్‌లు, అంటే తుపాకీ మిస్త్రీలు, పట్టిన దారి వేరు. .257 రాబర్ట్స్ అనే అమెరికన్ తూటా తొడుగు మెడను 6.5కి వెడల్పు చేసి, దానికి తగ్గట్టు టైప్ 38 చాంబర్‌ను తొలిచారు. అప్పట్లో అది తెలివైన పనే. జపాన్ తూటా అరుదు, రాబర్ట్స్ తొడుగులు ఎక్కడ పడితే అక్కడ దొరికేవి, తూటా అడుగు కూడా బోల్ట్‌కు (తూటాను లోపలికి తోసి చాంబర్‌ను వెనుక మూసే కడ్డీకి) ఇంచుమించు సరిపోయేది. తమాషా ఏమిటంటే ఇప్పుడు లెక్క తిరగబడింది. 6.5×50ని స్వీడన్ నోర్మా, సెర్బియా ప్రివి పార్టిజాన్ వంటి కంపెనీలు ఫ్యాక్టరీలో నింపి అమ్ముతూ వచ్చాయి. 6.5-257 అనే ఆ మార్పిడి తూటా మాత్రం గన్‌స్మిత్‌ల సృష్టిగానే మిగిలిపోయింది, తొడుగులో మందూ గుండూ ఇంట్లో నింపుకోవలసిందే. రాబర్ట్స్ తొడుగులూ మునుపటంత తేలిగ్గా దొరకడం లేదు. దొరికే తూటా కోసం తొలిపించిన రైఫిల్, దొరకని తూటాతో మిగిలింది. ఏ తూటా దొరుకుతుందన్నది పదేళ్లకోసారి మారుతుంది, తీసేసిన ఉక్కు తిరిగి రాదు.

తొలిపిస్తే పోయేది మరొకటి ఉంది. టైప్ 38 బ్యారెల్ దాదాపు 80 సెంటీమీటర్లు, తూటాలో మందు కొద్దిగానే. 9 గ్రాముల గుండు సెకనుకు సుమారు 760 మీటర్ల వేగంతో వెళుతుంది. మందు బ్యారెల్ లోపలే కాలిపోతుంది గనుక మంట తక్కువ, భుజానికి తగిలే దెబ్బా మెత్తగా ఉంటుంది. ఈ తుపాకీ సుఖమంతా అక్కడే ఉంది. పెద్ద తూటా పెట్టి దాన్ని పోగొట్టుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

బలానికి లోటు లేదనేవారి మాట నిజమే. పి.ఓ. ఆక్లీ అనే గన్‌స్మిత్ పాత సైనిక రైఫిళ్లను పగిలేదాకా పరీక్షిస్తే అరిసాకా గట్టిగా నిలబడింది. కానీ యుద్ధం చివర్లో హడావిడిగా చేసినవీ ఉన్నాయి, ఉత్తుత్తి తూటాల కోసమే చేసిన శిక్షణ రైఫిళ్లూ ఉన్నాయి. శిక్షణ రైఫిల్‌లో ఏ అసలు తూటా పేల్చినా ప్రాణాపాయం. ముందు మీ చేతిలో ఉన్నది ఏదో తేల్చుకోండి.

ఇక టైప్ 99ను .30-06కి మార్చడం. కొరియా యుద్ధ కాలంలో దక్షిణ కొరియా సేన కోసం అమెరికన్లు టోక్యోలో ఈ పని పెద్ద ఎత్తున చేయించారు. సైన్యానికి అప్పుడు కావలసింది ఉన్న తూటాతో పేలే తుపాకీ, అంతే. గురి చూసి కొట్టాలనుకునే మనకు అది చాలదు. 7.7 గుండు వ్యాసం .311 అంగుళాలకు అటూ ఇటూ, .30-06 గుండు .308. వదులు బ్యారెల్‌లో సన్న గుండు లోపలి మెలిక గాడులను సరిగ్గా పట్టుకోదు, గురి చెదురుతుంది. పైగా మ్యాగజైన్ పెట్టెనూ పొడిగించాలి. ఇంత చేసి రావలసిన ఫలితం అదా? .30-06 కొట్టాలని ఉంటే దానికోసం పుట్టిన రైఫిలే కొనుక్కోవడం నయం.

అసలు తూటాకే కట్టుబడితే ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ పేల్చిన ఫ్యాక్టరీ తొడుగునే మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు. .220 స్విఫ్ట్ తొడుగును 6.5×50గా, .30-06 తొడుగును కత్తిరించి 7.7గా మలుచుకునేవారూ ఉన్నారు. ఏడాదికి నాలుగైదు సార్లు రేంజికి వెళ్లేవారికి ఇది చాలు. పైగా రిసీవర్ (బ్యారెల్, బోల్ట్ అమరే ఉక్కు భాగం) మీద జపాన్ చక్రవర్తి చిహ్నమైన పదహారు రేకుల చేమంతి ముద్ర అరగదీయకుండా మిగిలి ఉంటే, సేకరించేవారు చెల్లించేది ఆ ముద్రకూ మార్పు లేని చాంబర్‌కూ కలిపి. ఆ ముద్ర పోయి, బ్యారెల్ కూడా తుప్పు తిని ఉంటే మాత్రం కొత్త బ్యారెల్ వేయించి పాతది దాచుకోండి.

వీసా సంగతి కూడా చూసుకోవాలి. హెచ్-1బి వంటి వీసాల మీద ఉన్నవారికి, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, అమెరికాలో తుపాకీ ఉంచుకోవడమే నిషిద్ధం. మన దేశంలోనైతే ఈ చర్చే పుట్టదు. .303 లాంటి సైనిక బోర్ల (గొట్టం రంధ్రం కొలతల) తుపాకులు పౌరులకు నిషిద్ధం కాబట్టే ఇక్కడ .315 స్పోర్టింగ్ రైఫిల్ వాడుకలోకి వచ్చింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని మార్చడం నేరం.

ఎవరో ఎప్పుడో తొలిచేసిన రైఫిల్ కొన్నారనుకోండి, అప్పుడు నా సలహా తిరగబడుతుంది. దాన్ని వెనక్కి మార్చబోకండి, ఉన్న చాంబర్‌కు తగ్గ తూటాలే నింపుకోండి. అయితే చాలా తుపాకుల మీద ఆ మార్పు గుర్తు చెక్కి ఉండదు. తెలియక 6.5×50 పెట్టి పేలిస్తే తొడుగు చిట్లి వేడి వాయువు ముఖం మీదికి రావచ్చు. అందుకే మొదటి తూటా కొనకముందే గన్‌స్మిత్ చేత చాంబర్ అచ్చు తీయించండి. సులువుగా కరిగే లోహాన్ని లోపల పోసి, గట్టిపడ్డాక తీసి కొలిస్తే ఏ తూటా చాంబరో తేలిపోతుంది.